దిష్టి నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయి? పిల్లలు తీసిన వీడియో, కట్ చేసిన ఏడు సెకన్లు

పోయిన ఏడాది ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఒక పని అప్పజెప్పాను. నలుగురేసి గ్రూపుగా కూడి, ఇంట్లో రోజూ కనిపించే రసాయన మార్పు ఒకటి ఎంచుకుని, ఫోన్‌లో తీసి, మూడు నిమిషాలు మించకుండా వివరించాలి. ఒక గ్రూపు దిష్టి నీళ్లు ఎంచుకుంది. స్టీలు పళ్లెంలో నీళ్లు, అందులో చిటికెడు పసుపు, తాంబూలంలో వేసుకునే సున్నం వేలికొసతో కాస్త. కలిపారు, ఎర్రబడ్డాయి. వెనక ఏదో పాట. "పసుపు ఆమ్లం, సున్నం క్షారం. రెండూ కలిస్తే ఎర్రరంగు వస్తుంది" అని ఒకమ్మాయి గడగడా చెప్పేసింది. క్లాసులో చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

వీడియో నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన పిల్లవాడు పొరపాటున ఫోల్డర్ మొత్తం ఇచ్చేశాడు. అందులో ఎడిట్ చేయని క్లిప్పులు కూడా ఉన్నాయి. ఇంటికెళ్లి చూశాను. "ఎర్రరంగు వస్తుంది, ఎందుకంటే..." అని ఆ అమ్మాయి ఆగిపోయింది. ఏడు సెకన్లు. ఫోన్ పట్టుకున్నవాడి గొంతు వినిపించింది: "ఎందుకే?" ఆ అమ్మాయి నవ్వేసి, "ఏమో, అది కట్ చెయ్యి" అంది.

పిల్లల చేత వీడియోలు తీయించి కెమిస్ట్రీ నేర్పడం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఏడు సెకన్లలోనే ఉంది.

ముందు జవాబు సంగతి చూద్దాం. పసుపులో రంగునిచ్చేది కుర్కుమిన్ అనే పదార్థం. సున్నపు నీళ్లలో ఉండే హైడ్రాక్సైడ్ అయాన్లు కుర్కుమిన్ అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను లాక్కుంటాయి. దాంతో ఆ అణువులో ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారుతుంది, అది పీల్చుకునే కాంతి మారుతుంది, మన కంటికి పసుపు కాస్తా ఎరుపవుతుంది. నిమ్మకాయ పిండితే ప్రోటాన్ తిరిగొస్తుంది, నీళ్లు మళ్లీ పసుపుపచ్చగా అవుతాయి. ఆ అమ్మాయి "పసుపు ఆమ్లం" అన్నది పూర్తిగా తప్పు కాదు, కుర్కుమిన్ చాలా బలహీనమైన ఆమ్లమే. అయితే ఆ మాట తెలిసి అన్నది కాదు. ఆమ్లం, క్షారం అన్న రెండు పదాలు పక్కపక్కన పెడితే వివరించినట్టే ఉంటుందని పదేళ్ల బడి చదువు నేర్పిన ఒడుపు అది. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని కదా పుస్తకంలో ఉన్నది? మరి రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ చిక్కు కెమిస్ట్రీలోనే ఎందుకు ఇంత ఎక్కువ? గ్లాస్గోలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ అనే ఆచార్యుడు దీన్ని ఒక త్రిభుజంలా చూపించాడు. 1991లో సైన్సు ఎందుకు కష్టంగా ఉంటుందన్న ప్రశ్న మీద ఆయన రాసిన వ్యాసం రసాయనశాస్త్ర బోధన గురించి ఆలోచించేవాళ్లందరికీ తెలిసిందే. త్రిభుజానికి ఒక మూల కంటికి కనిపించేది: నీళ్లు ఎర్రబడటం. రెండో మూల కంటికి కనిపించనిది: అణువులు, అయాన్లు. మూడోది గుర్తులు: ఫార్ములాలు, సమీకరణాలు. కెమిస్ట్రీ టీచర్ ఒకే వాక్యంలో ఈ మూడింటి మధ్య గంతులేస్తూ పోతుంటాడు. "జింక్ కరిగి, జింక్ అయాన్లుగా మారి, జెడ్ఎన్ టూ ప్లస్ అవుతుంది" అన్నప్పుడు పిల్లవాడి బుర్ర మూడు చోట్లా ఒకేసారి ఉండాలి. చెప్పేవాడికి అలవాటైపోయింది కాబట్టి గెంతుతున్నట్టే తెలియదు. వినేవాడు ఒక మూలన ఇరుక్కుపోతాడు. మన దగ్గరైతే ఎక్కువగా మూడో మూలనే, ఎందుకంటే మార్కులు అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు పిల్లవాడి చేతికి ఫోన్ ఇస్తే ఏమవుతుంది? కెమెరాకు మొదటి మూల తప్ప ఏదీ కనిపించదు. ఎర్రబడటాన్ని అది అద్భుతంగా పట్టుకుంటుంది, ప్రోటాన్‌ను పట్టుకోలేదు. అందుకే పిల్లల కెమిస్ట్రీ వీడియోలు చాలావరకు మ్యాజిక్ షోల్లా తయారవుతాయి. పొంగింది, మండింది, రంగు మారింది, పాట వేశారు, అయిపోయింది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టి ఒక్కో మూలకానికి ఒక్కో వీడియో తీసింది. తెల్లజుట్టు చెలరేగిన ప్రొఫెసర్ మార్టిన్ పొలియాకాఫ్ అందులో కనిపిస్తాడు. వాటిని చూసిన పిల్లలు ఆ పేలుళ్లనే అనుకరించాలనుకుంటారు. పేలుడు తర్వాత ఆయన కూర్చుని చెప్పేదాన్ని ఎవరూ అనుకరించరు.

కాబట్టి నేను పెట్టే మొదటి షరతు ఇదే: కనిపించనిదాన్ని మీరే తయారుచేసి చూపించాలి. ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయంలో గ్యారీ హోబన్ ఇందుకు తేలికైన దారి ఒకటి కనిపెట్టి, దానికి 'స్లోమేషన్' అని పేరు పెట్టాడు. మట్టి బొమ్మలో, కాగితం ముక్కలో బల్ల మీద పెట్టి, కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటోలు తీయడమే. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి, దీనికి రెండు చాలు. నిమిషం వీడియోకి 120 ఫొటోలు. తక్కువ ఫొటోలతో సరిపోతుంది కాబట్టి టీచర్ ట్రైనింగ్ విద్యార్థులు కూడా ఒక్క క్లాసులో తీయగలిగారు. హోబన్ గమనించిన అసలు సంగతి మరొకటుంది. ఒకే విషయాన్ని పిల్లలు ముందు నోట్సుగా రాసుకుంటారు, తర్వాత బొమ్మల కథగా గీస్తారు, తర్వాత వస్తువులతో కడతారు, ఫొటోలు తీస్తారు, చివరికి మాటలు జోడించి వీడియో చేస్తారు. ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చిన ప్రతిసారీ, అంతకుముందు చూసీచూడనట్టు వదిలేసింది బయటపడుతుంది.

మా క్లాసులో మట్టికి బదులు శనగలు, పెసలు వాడాం. శనగ ఆక్సిజన్, పెసర హైడ్రోజన్. నీళ్లు ఏర్పడే చర్యను చూపించాలి. "టూ హెచ్‌టూ ప్లస్ ఓటూ ఇస్తుంది టూ హెచ్‌టూఓ" అని నిద్రలో లేపి అడిగినా చెప్పే కుర్రాడు ఒకడు బల్ల దగ్గర కూర్చున్నాడు. పెసలు రెండేసి చొప్పున రెండు జతలు, శనగలు ఒక జత సరిగ్గానే పెట్టాడు. ఫొటో తీశాడు. చివరి ఫ్రేముకి వచ్చేసరికి నాలుగు పెసలు, రెండు శనగలు కలిపి ఒకే ముద్దగా పెట్టాడు. "ఇదేంట్రా?" అంటే "టూ హెచ్‌టూఓ సార్" అన్నాడు. ముందున్న రెండుకూ, కింద రాసే రెండుకూ తేడా వాడి నోటికి తెలుసు, చేతికి తెలియదు. 1985లో అమెరికాలో హైస్కూలు పిల్లలతో చేసిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది. సమీకరణాన్ని చక్కగా తుల్యం చేసిన పిల్లల్లో చాలామంది అవే అణువుల బొమ్మ గీయమంటే తప్పు గీశారు.

పక్కనున్న అమ్మాయి ఆ ముద్దను రెండుగా విడదీసింది. ఒక్కో శనగకు రెండేసి పెసలు. అప్పుడు ఇంకో ప్రశ్న లేచింది. మూడింటినీ ఒకే గీతలో పెట్టాలా, వంచి పెట్టాలా? నీటి అణువులో బంధ కోణం 104.5 డిగ్రీలని పుస్తకంలో చదివారు, పరీక్షలో రాశారు. ఇప్పుడు మొదటిసారి ఆ అంకె వాళ్లకు అవసరమైంది. ఆ తర్వాత అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: మొదటి ఫొటోకీ చివరి ఫొటోకీ మధ్య ఏం జరిగింది? బాణం గుర్తు గీస్తే పుస్తకం ఊరుకుంటుంది, స్లోమేషన్ ఊరుకోదు. పెసర జత ముందు విడిపోవాలా? విడిపోవడానికి శక్తి కావాలా, శక్తి వస్తుందా? బంధం తెగితే శక్తి వస్తుందని సగం క్లాసు అనుకుంటోందని ఆ పూటే నాకు తెలిసింది. తెగడానికి శక్తి పెట్టాలి, కొత్త బంధం ఏర్పడేటప్పుడు శక్తి విడుదలవుతుంది. పెట్టినదానికన్నా వచ్చింది ఎక్కువ కాబట్టి హైడ్రోజన్ మండితే వేడి పుడుతుంది. (నిజానికి ఈ చర్య మధ్యలో జరిగే తతంగం శనగలతో చూపించినంత సాఫీగా ఉండదు, అందులో రాడికల్స్ అనే అణువుల ముక్కలు గొలుసుకట్టుగా పనిచేస్తాయి. ఇంటర్ పిల్లలకు అంత లోతు అక్కర్లేదు గానీ, తమ బొమ్మకూ నిజానికీ తేడా ఉందన్న మాట మాత్రం వీడియోలో చెప్పించాను.)

వీడియో తీస్తే పాఠం ఎందుకు వస్తుంది, చూస్తే ఎందుకు రాదు? యేల్ విశ్వవిద్యాలయంలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ఒక సంగతి బయటపెట్టారు. జిప్పు ఎలా పనిచేస్తుందో, తాళం ఎలా పనిచేస్తుందో నీకు ఎంత తెలుసు అని అడిగితే మనుషులు తమకు తామే మంచి మార్కులు వేసుకుంటారు. సరే, అంచెలంచెలుగా వివరించు అన్నాక మళ్లీ అడిగితే ఆ మార్కులు దిగిపోతాయి. తెలుసనుకోవడం ఒకటి, చెప్పబోతే నోరు ఆగిపోవడం ఇంకొకటి. మా దిష్టి నీళ్ల అమ్మాయికి జరిగింది అదే.

నెదర్లాండ్స్‌లో విన్సెంట్ హూగర్‌హైడే బృందం 2014లో ఇంకాస్త ముందుకెళ్లింది. 'రేపు ఇంకొకరికి చెప్పాలి' అనుకుని చదవడం ఒకటి, నిజంగా కెమెరా ముందు కూర్చుని చెప్పడం ఇంకొకటి. ఈ రెండింటినీ పోల్చి చూస్తే, చెప్పాలనుకుని చదివినంత మాత్రాన పెద్దగా ఒరిగింది లేదు, కెమెరాకు చెప్పినవాళ్లకే మేలు కనిపించింది. అవి కెమిస్ట్రీ పాఠాలు కావు, తర్కం లెక్కలు. అయినా ఒకటి గుర్తుపెట్టుకోదగ్గది: ఎదురుగా మనిషి లేకపోయినా, వినేవాడొకడు ఉన్నాడన్న ఊహే చాలావరకు పని చేసింది.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. మన ప్రభుత్వాలూ, స్కూళ్లూ వీడియో అనగానే చూపించడం గురించే ఆలోచిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. తప్పని అనను, మంచి టీచరు లేనిచోట మంచి వీడియో దేవుడే. కానీ ఆ ట్యాబుకి వెనకాల ఒక కెమెరా కూడా ఉంటుంది కదా.

ల్యాబు సంగతికి వస్తే, ఈ పద్ధతి అన్నిటికన్నా బాగా పనికొచ్చేది అక్కడేనని నా అభిప్రాయం. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మార్సీ టౌన్స్ బృందం ఒక చిన్న పని పెట్టింది. ప్రతి విద్యార్థీ పిపెట్ (ద్రవాన్ని కచ్చితమైన కొలతతో తీసి పోసే గాజు గొట్టం) వాడుతూ, చేస్తున్నది నోటితో చెబుతూ వీడియో తీసుకుని పంపాలి. సరిగ్గా ఉంటే డిజిటల్ బ్యాడ్జి, లేకపోతే ఎక్కడ తప్పిందో చెప్పి మళ్లీ తీయమంటారు. ఎడిన్‌బరోలో మైకేల్ సీరీ బృందం దీన్నే ఇద్దరిద్దరిగా చేయించింది. ఒకరు చేస్తుంటే ఇంకొకరు ఫోన్‌లో తీస్తూ, చేతిలో ఉన్న కాగితం మీది ప్రశ్నలు అడుగుతూ గమనిస్తారు. తర్వాత చోట్లు మారతారు.

పిపెట్ అంత గొప్ప విషయమా అనిపిస్తుంది. మా ల్యాబులో ఒకసారి నలభై మందిని నిలబెట్టి చూస్తే ఎంత గొప్ప విషయమో అర్థమవుతుంది. ద్రవమట్టం కంటికి సమానంగా ఉండాలి, పైనుంచి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే ఇంకో అంకె. ద్రవాన్ని వదిలాక కొనలో ఒక చుక్క మిగులుతుంది. దాన్ని మనవాళ్లు ఉఫ్‌మని ఊదేస్తారు. ఊదకూడదు. ఆ చుక్క మిగులుతుందన్న లెక్కతోనే మామూలు పిపెట్ మీద గీత గీస్తారు, కొనను ఫ్లాస్కు గోడకు ఆనించి వదిలేస్తే చాలు. నోటితో పీల్చే అలవాటు పాతకాలం మేష్టార్ల నుంచి మాకొచ్చింది, మా నుంచి పిల్లలకు పోకూడదు, పీల్చడానికి రబ్బరు బల్బు వాడాలి. ఇవన్నీ రికార్డు పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉంటాయి. ప్రాక్టికల్ పరీక్షకి వచ్చిన ఎగ్జామినర్‌కు ఒక్కో పిల్లవాడి చెయ్యి చూసే తీరిక ఉండదు, చివరి రీడింగ్ చూస్తాడు. ఆ రీడింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో మనందరికీ తెలుసు, పక్కవాడి రికార్డు నుంచి.

టైట్రేషన్ వీడియో ఒకటి చెబుతాను. ఆమ్లంలో క్షారాన్ని చుక్కచుక్కగా వేస్తూ, ఎంత పడితే ఆమ్లం పూర్తిగా తీరిపోతుందో కొలిచే ప్రయోగం అది. బ్యూరెట్‌లో, అంటే కింద కుళాయి ఉన్న కొలత గొట్టంలో, సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆమ్లం, అందులో క్షారం తగిలితే పింక్ అయ్యే ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు. తీస్తున్నది ఫ్రెండు. చేస్తున్న అమ్మాయి "పింక్ కలర్ రాగానే ఆపెయ్యాలి" అంటోంది. చుక్క పడిన చోట పింక్ మెరిసింది, ఫ్లాస్కు తిప్పగానే మాయమైంది. ఆ అమ్మాయి ఆపలేదు, ఇంకో చుక్క వేసింది. తీస్తున్న పిల్ల అడిగింది: "వచ్చింది కదా, ఆపలేదేం?" "పోయింది కదా." "ఎందుకు పోయింది?" ఈసారి మాట తడబడింది గానీ జవాబు వచ్చింది. చుక్క పడినచోట ఒక్క క్షణం క్షారం ఎక్కువైంది, కలిపితే చుట్టూ మిగిలున్న ఆమ్లం దాన్ని తినేసింది. తిప్పినా పోని లేత గులాబీ రంగు వచ్చినప్పుడే ఆపాలి. కాసేపు పక్కన పెడితే అదీ వెలిసిపోతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడు అందులో కరుగుతుంది కాబట్టి. ఆ అమ్మాయి చెయ్యికి సరైన పని ముందే తెలుసు, నోటికే తప్పుడు వాక్యం అలవాటైంది. శనగల దగ్గర కూర్చున్న కుర్రాడికి సరిగ్గా తిరగేసి. ఒకే షాట్‌లో చెయ్యీ నోరూ రెండూ ఉంటే తప్ప ఈ తేడాలు బయటపడవు.

ఇంకో కోణం ఉంది, దాని మీద ఎవరూ ఎక్కువ రాయరు. వీడియో తెలుగులో తీయమంటే మన మాటలే మనల్ని పట్టిస్తాయి. మంచు కరిగింది అంటాం, చక్కెర కరిగింది అంటాం, కొవ్వొత్తీ కరిగిందే. మంచుకు వేడి కావాలి, నీళ్లతో పనిలేదు. చక్కెరకు నీళ్లు కావాలి, పొయ్యి అక్కర్లేదు. రెంటికీ మన నోట ఒకటే మాట. పుస్తకంలో ద్రవీభవనం వేరు, ద్రావణం వేరు అని ఉన్నా, చెల్లెలికి చెప్పినట్టు చెప్పమంటే "చక్కెర కరిగి నీళ్లయిపోయింది" అంటాడు పిల్లవాడు. నిజంగా అలాగే అనుకుంటున్నాడో, మాటే అలా ఉందో తెలుసుకోవాలంటే అణువులు గీయమనాలి. 'గాలి' కూడా అంతే. వీచేదీ గాలే, పీల్చేదీ గాలే, జింక్ మీద ఆమ్లం పోస్తే వచ్చే హైడ్రోజన్‌నూ "గాలి వస్తోంది చూడండి" అనేశాడు ఒకడు. మరుగుతున్న నీటిలో బుడగలు దేనివి అని 1983లో న్యూజిలాండ్‌లో పిల్లలను అడిగితే గాలి అన్నవాళ్లున్నారు, నీళ్లు విడిపోయి వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్ అన్నవాళ్లూ ఉన్నారు. అది నీటి ఆవిరే. అక్కడి పిల్లలూ తడబడ్డారు కాబట్టి దోషం ఒక్క తెలుగుది కాదు. ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం బట్టీ పట్టిన వాక్యం వస్తుంది, తప్పు లోపలే దాక్కుంటుంది.

పిల్లలు తీసిన వీడియోలతో మిగతా పిల్లలకు పాఠం చెప్పొచ్చా? తొందరపడకూడదు. సిడ్నీలో డెరెక్ ముల్లర్ 2008లో పూర్తిచేసిన పీహెచ్‌డీ పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. తర్వాత వెరిటాసియం అనే యూట్యూబ్ చానెల్ పెట్టింది ఈయనే. ఫిజిక్సు పాఠాన్ని చక్కగా, స్పష్టంగా వివరించిన వీడియో చూపిస్తే పిల్లలు బాగుంది, తేలిగ్గా అర్థమైంది అన్నారు. పరీక్ష పెడితే పెద్దగా మార్పు లేదు. సాధారణంగా అందరూ చేసే తప్పును ఒకరు అనడం, ఇంకొకరు దాన్ని పట్టుకుని వాదించడం చూపిస్తే పిల్లలు అయోమయంగా ఉందన్నారు, మార్కులు మాత్రం పెరిగాయి. అంటే నున్నగా జారిపోయే వీడియో ఎక్కువగా మెదడు మీద నుంచి కూడా జారిపోతోందన్నమాట. అందుకే పిల్లలు తీసిన వాటిలో బాగున్నదాన్ని ఆదర్శంగా చూపించడం మానేశాను. పాత బ్యాచ్ వీడియో ఒకటి వేసి, ఎక్కడ ఆపాలో మీరే చెప్పండి అంటాను. తీసినవాళ్ల పేర్లు, మొహాలు లేకుండా. తప్పు పట్టడంలో మన పిల్లలకు ఉన్న ఉత్సాహం ఇంకెందులోనూ ఉండదు.

మిగతావి చేయబోయే టీచర్లకు పనికొచ్చే సంగతులు. క్లాసులో 60 మంది ఉంటే నలుగురేసి చొప్పున 15 వీడియోలు, మూడేసి నిమిషాలంటే ముక్కాలు గంట. ఒక పీరియడ్‌లో అయిపోతుంది. ఒక్కొక్కరి చేత తీయిస్తే మూడు గంటలు, అవి చూడ్డానికి ఏ లెక్చరరుకూ ఓపిక ఉండదు, చూడకుండా మార్కులేస్తారు. ఎడిటింగ్‌కు మార్కులు పెడితే ఎడిటింగే నేర్చుకుంటారు, ఒక్క మార్కు కూడా పెట్టను. స్క్రిప్టు ఏఐ రాసిస్తుంది, గొంతు కూడా అదే ఇస్తుంది, అందుకే చేతులూ గొంతూ ఒకే షాట్‌లో ఉండాలంటాను. మొహాలు అక్కర్లేదు, చేతులు చాలు. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ తగ్గుతుంది. వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టం.

ప్రమాదం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. ఏం తీయబోతున్నారో ముందు కాగితం మీద రాసి చూపించాలి. ఒక గ్రూపు బాత్రూమ్ యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ వేస్తే పొగ భలే వస్తుందని రాసుకొచ్చింది. ఆ పొగ క్లోరిన్, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. కాగితం మీద పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. కెమెరా చేతిలో ఉన్నవాడికి ఏం చేస్తే భలేగా ఉంటుందన్న తపన సహజం, దాన్ని తిట్టి లాభం లేదు. పసుపు, సున్నం, నిమ్మకాయ, వంటసోడా, ఇనుప మేకులు, ఇలాంటివాటి పట్టిక ముందే ఇచ్చేస్తే గొడవ ఉండదు.

ఎడిట్ చేయని క్లిప్పులు కూడా ఇవ్వాలన్నది ఆ పెన్‌డ్రైవ్ తర్వాత పెట్టుకున్న నియమం. మొదట్లో పిల్లలు గింజుకున్నారు, తప్పులకు మార్కులు తీసేస్తానేమోనని. తీయనని నమ్మడానికి రెండు నెలలు పట్టింది.

దిష్టి నీళ్ల గ్రూపు రెండోసారి తీసింది. ఈసారి పాట లేదు. ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండారు, పళ్లెం అంచు నుంచి పసుపు పాకుతూ వచ్చింది. ఆ అమ్మాయి "మళ్లీ పసుపు ఎందుకైందంటే..." అని ఆగింది. నాలుగు సెకన్లు. కట్ చేయలేదు. తర్వాత "సున్నానికి నిమ్మకాయ విరుగుడు" అంది. క్లాసులో వీడియో ఆపి, ఒప్పుకుంటారా అని అడిగాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "విరుగుడు సరే సార్, మరి సున్నం ఎటు పోయింది?" అన్నాడు.